మీరడిగిన్రు, నేను చెప్తున్న: బీఎల్ మాంగాల ఆఫీసు ప్రేమలు

పోయిన నెల ఈ పేజీల జపాన్ బీఎల్ కామిక్స్ (అక్కడ మాంగా అంటరు) గురించి నాలుగు మాటలు రాసిన. తెలియనోళ్ళ కోసం మళ్ళొకసారి: బీఎల్ అంటే ఇద్దరు మగవాళ్ళ మధ్య ప్రేమ కథలు, ఎక్కువ శాతం ఆడవాళ్ళే గీసి ఆడవాళ్ళే చదివేవి. గీ కథలు మన దిక్కు ఇంతమంది చదువుతున్నరని ఉత్తరాలు చూసినంకనే నాకు తెలిసింది. ఎక్కువమంది అడిగింది ఆఫీసు కథల గురించే, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. పేర్లు తీసేసిన, అవసరమైన కాడ ఊర్లు కూడ తీసేసిన.

హనుమకొండ నుంచి ఒక చెల్లె: అక్కా, నేను ఒక ప్రైవేట్ కంపెనీల అకౌంట్స్ చూస్త. స్కూల్ కథలు, రాజుల కథలు నాకు ఎక్కవు, ఆఫీసు బీఎల్ అయితే తెల్లారేదాక చదువుత. మా ఫ్రెండ్ ఏమో పొద్దంత ఆఫీసులనే చస్తున్నం, ఇంటికొచ్చి మళ్ళ ఆఫీసు కథనే చదువుతవా అంటది. ఎందుకు నచ్చుతదో నాకే చెప్పరావట్లే. అసలు ఈ కథలు ఆఫీసులకు ఎట్ల వచ్చినయి?

చెల్లె, మొదట్ల ఇవి ఆఫీసుల దగ్గరకే రాలే. 1974ల మోతో హగియో గీసిన 'థామస్ హృదయం' జర్మనీల ఒక హాస్టల్ స్కూల్ల నడుస్తది, 1976ల కేకో తకెమియా మొదలుపెట్టిన కథ ఫ్రాన్స్‌ల ఒక బోర్డింగ్ స్కూల్ల నడుస్తది. రెండూ ఆడపిల్లల పత్రికలల వచ్చినయే. జపాన్ పిల్లలకు జపాన్‌ల జరిగే కథ చెప్పుడు కష్టమని కావచ్చు, దూరం దేశం, పాత కాలం, పొడుగు జుట్టు పిల్లగాండ్లు. 1978ల ఈ కథల కోసమే 'జూన్' అని ఒక పత్రిక వచ్చింది. ఆ పత్రికలు చదివిన ఆడపిల్లలు పెద్దగయిన్రు, ఉద్యోగాలకు పోయిన్రు, వాళ్ళతోని పాటు కథ కూడ పోయి ఆఫీసుల కూసున్నది.

ఇగ నీకు ఎందుకు నచ్చుతదో నేననుకునేది చెప్త. జపాన్ కంపెనీలల ఆడవాళ్ళకు చానా కాలం టీ పోసుడు, జిరాక్స్ తీసుడు ఇసొంటి పనులే ఇస్తుండె, పెండ్లయితే రాజీనామా పెట్టాలె అన్నది రూలు కాకున్నా రూలు లెక్కనే నడిచేది. ఉద్యోగాలల ఆడ మగ సమానమని చట్టం 1985ల చేసిన్రు, 1986ల అమలుకు వచ్చింది, అయినా అలవాటు అంత జల్ది పోలే. అసొంటి ఆఫీసుల ఒక ఆడ మగ ప్రేమ కథ రాస్తే ఆఖరుకు ఏమైతది? పెండ్లయితది, ఆమె సీటు ఖాళీ అయితది. అదే ఇద్దరు మగవాళ్ళయితే కథ అయిపోయినంక కూడ ఇద్దరి టేబుళ్ళు అట్లనే ఉంటయి, ఇద్దరికీ ప్రమోషన్ ఉంటది, ఇంటికి పోయినంక అన్నం ఎవరు వండాలె అన్నది ముందే రాసిపెట్టి ఉండదు, మాట్లాడుకోవాలె. నువ్వు అకౌంట్స్‌ల కూసోని రేపు సంబంధం కుదిరితే ఈ ఉద్యోగం ఉంటదో పోతదో అని అనుకునే పిల్లవే అయితే ఈ కథల నీకు దొరికే ఊరట ఏందో నాకు మంచిగనే అర్థమైతుంది. నేను కూడ ఆ ఊరట కోసమే చదువుత.

ఇంకోటి, ఆఫీసంటే అన్నీ అణుచుకునే జాగా. అక్కడ ఇంటిపేరు పెట్టి పక్కన సాన్ (మన గారు లెక్క) అనాలె, పెద్దాయనను పేరుతోని కాదు పదవితోని పిలవాలె, ఎవరు ముందు కూసోవాలె ఎవరు ముందు గ్లాసు నింపాలె అన్నిటికీ పద్ధతి ఉంటది. అంత పద్ధతిల ఒకడు ఇంకొకని పేరు పట్టి పిలిస్తే దానికి ఒక పేజీ మొత్తం ఇస్తరు. 'చెర్రీ మ్యాజిక్' నువ్వు చదివే ఉంటవు, యూ తొయోతా 2018ల ఆన్‌లైన్‌ల పెట్టుడు మొదలుపెట్టి తర్వాత పుస్తకాలయింది, 2020ల టీవీ సీరియల్, 2024ల యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్. స్టేషనరీ కంపెనీల పని చేసే అదాచికి ముప్పై ఏండ్లు నిండంగనే ఎవరిని ముట్టుకుంటే వాళ్ళ మనసుల మాట వినపడుడు మొదలైతది. లిఫ్ట్ నిండ జనం, వెనకనుంచి నెట్టుడు, పోయి కురోసావాకు ఆనుతడు, ఆఫీసుల అందరికంటె అందగాడు, సేల్స్‌ల నంబర్ వన్, ఒకటే బ్యాచ్‌ల చేరినోళ్ళు. పైకి చూస్తే కురోసావా ముఖంల ఒక్క గీత కూడ కదలదు. లోపల మాత్రం అదాచి మీద ప్రేమ పొంగిపోతుంటది. ఆ బొమ్మల ముఖం ఒకటి, మాట ఒకటి. ఏడేండ్ల సంది రోజూ చూసుకునే ఇద్దరి మధ్య అంతదాక ఒక్క ముక్క బయటకు రాలేదన్నది ఆ చిన్న లిఫ్ట్‌ల తెలుస్తది. తర్వాత ఓవర్‌టైమ్, లాస్ట్ ట్రైన్ పోవుడు, వాళ్ళింట్ల పండుకునుడు, ఇవన్నీ ఆఫీసు కథలల మళ్ళ మళ్ళ వచ్చేవే, అయినా నాకు బోర్ కొట్టదు. రాత్రిపూట ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ ఆఖరి బస్సు పోయినోళ్ళకు ఆ సీన్ల బరువు ఎవరూ చెప్పే పని లేదు.

కరీంనగర్ నుంచి: బాస్ జూనియర్‌ను గోడకు ఆనించి ముద్దు పెడ్తడు, వాడు వద్దు వద్దు అంటనే ఉంటడు, మేము చదువుకుంట మురుస్తం. నిజంగ మా ఆఫీసుల ఎవడన్న అట్ల చేస్తే చెప్పు తీసుకుని కొడ్త. మరి చదివేటప్పుడు ఎందుకు నచ్చుతున్నది? నాల ఏమన్న తేడా ఉన్నదా?

నీల తేడా ఏం లేదు. కథల ఆ జూనియర్ మనసుల ఏమున్నదో గీసిన ఆమె మనకు చూపిస్తది, వాడు వద్దంటున్నా లోపల కావాలనే అనుకుంటున్నడని మనకు తెలుసు, అందుకే భయం లేకుండ చదువుతం. నిజం ఆఫీసుల ఆ సౌలత్ లేదు. అక్కడ వద్దు అంటే వద్దే.

అయితే అంతటితోని సరిపెట్టుడు నాకు ఇష్టం లేదు. పాత కథలల ఇది మరీ ఎక్కువ. 'సెకాయిచి హత్సుకోయి' తీసుకో, పుస్తకాల కంపెనీల కొత్తగ చేరిన ఓనోదెరాకు బాస్‌గ వచ్చేది స్కూల్ల వాడు ప్రేమించిన తకానోనే, ఎంత మంచి కథ, మాంగా పత్రిక డెడ్‌లైన్ దగ్గరకొస్తుంటే ఎడిటర్లు ఎట్ల బతుకుతరో దాంట్ల చూసినట్టు ఇంకెక్కడ చూడలే. కని తకానో ఆఫీసుల వాన్ని పట్టుకునే తీరు నాకు ఇప్పటికీ మింగుడు పడదు. జీతం, రేటింగ్, లీవు అన్నీ చేతిల ఉన్నోడు అట్ల మీద పడుతుంటే అవతలోడు కాదనేటందుకు జాగా ఏడున్నది?

'ఓల్డ్ ఫ్యాషన్డ్ కప్‌కేక్' చదివినప్పుడు నాకు పాణం హాయిగున్నది. అందుల బాస్ నోజుయేకు 39 ఏండ్లు, దేని మీదా ఇష్టం లేకుండ బతుకుతుంటడు, ఆయనను ప్రేమించేది 29 ఏండ్ల జూనియర్ తొగావా. ఆడపిల్లలే ఎక్కువ పోయే హోటళ్ళకు బాస్‌ను తీసుకుపోయి పాన్‌కేకులు తినిపిస్తడు, వయసు తగ్గించుకుందాం రమ్మని. అడిగేది కిందోడు, అవునో కాదో చెప్పేది పైనోడు. తూకం తిరగబడంగనే కథ మొత్తం మెత్తగయింది.

నిజం ఆఫీసు సంగతి కూడ ఒక ముక్క: పని కాడ లైంగిక వేధింపుల మీద మన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు ఇచ్చేది ఆడవాళ్ళే, పది మంది, అంతకంటె ఎక్కువ పనిచేసే ప్రతి ఆఫీసుల కమిటీ ఉండాలె. మగపిల్లలకు ఆ చట్టం కింద దారి లేదు, కంపెనీ సొంత పాలసీ ఉంటే హెచ్ఆర్‌కు రాసి ఇయ్యాలె. మీ కంపెనీ పాలసీ కాగితంల మగవాళ్ళు కూడ ఉన్నరా లేదా అన్నది ఒకసారి తీసి చూడు, లేకుంటె అడుగు.

మడికొండ వైపు నుంచి: అక్కా, మా టీంల ఒక సీనియర్, ఒక జూనియర్ ఉన్నరు. ఒకటే బండి మీద వస్తరు, ఒకటే టిఫిన్ బాక్సుల తింటరు. మేం నలుగురు ఆడపిల్లలం బీఎల్ చదివేటోళ్ళం, వాళ్ళ మీద ముద్దుగ మాట్లాడుకునేటందుకు ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నం, ఒకటి రెండు ఫొటోలు కూడ తీసినం. మాలో ఒకామె స్క్రీన్‌షాట్ వేరే గ్రూపుల వేసింది. ఇప్పుడు టీం అంత వాళ్ళను చూసి నవ్వుతున్నరు. ఆ జూనియర్ లీవ్ పెట్టిండు, ఫోన్ ఎత్తుత లేడు. మేం చెడుగ ఒక్క మాట అనలే, మాకు వాళ్ళంటే ఇష్టమనే కదా అనుకున్నం. ఇప్పుడేం చెయ్యాలె?

ఈ ఉత్తరం చదివి నాకు గుండె దడ పుట్టింది. ఇష్టంతోనే చేసిన్రు, నమ్ముత. కని దెబ్బ తగిలింది మీకు కాదు.

ముందు చెయ్యాల్సింది ఈ రోజే చెయ్యిన్రి. ఫొటోలు డిలీట్, గ్రూప్ డిలీట్. స్క్రీన్‌షాట్ వేసినామె ఏ గ్రూపుల వేసిందో అక్కడ తీసేయించిన్రి, అందులనే ఒక్క లైన్ పెట్టాలె, అది మేం ఉత్తగనే అనుకున్న ముచ్చట, వాళ్ళ గురించి మాకేం తెలియదు, దయచేసి ఆపిన్రి అని. పెద్ద పెద్ద వివరణలు వద్దు, వివరించినకొద్దీ ఇంకా పెరుగుతది. తర్వాత మీలో ఒక్కరే, నలుగురు కాదు, ఆ ఇద్దరికీ వేరేవేరుగ ఒక చిన్న మెసేజ్: మీకు చెప్పకుండ ఫొటో తీసినం, మీ గురించి మాట్లాడుకున్నం, తప్పు, అన్నీ తీసేసినం. అంతే. నిజమేనా అని అడగొద్దు. మేం మీకు సపోర్ట్ అని కూడ చెప్పొద్దు, ఆ మాట ప్రేమగ అన్నా సరే అది మళ్ళ అడిగినట్టే అయితది, ఆయన ఇగ ఏదో ఒకటి ఒప్పుకోవాలె లేకుంటె కాదనాలె. నవ్వుడు ఆగకపోతే హెచ్ఆర్ దగ్గరకు పోవచ్చు, కని ఆ జూనియర్‌ను అడిగి, ఆయన పొమ్మంటేనే.

వాళ్ళిద్దరు ఒట్టి దోస్తులు కావచ్చు. మన దగ్గర మగపిల్లలు భుజం మీద చెయ్యేసుకుని పోతరు, ఒకటే కంచంల తింటరు, కాజీపేట స్టేషన్ల ఏ బండి వచ్చినా చూడు అట్లనే దిగుతుంటరు. లేకుంటె నిజంగనే ప్రేమ కావచ్చు. రెండిట్ల ఏదైనా మీకు తెలుసుకునే హక్కు లేదు. చెర్రీ మ్యాజిక్‌ల అదాచికి మనసుల మాట వినపడుతది, వినపడినందుకే వాడు ఎంత నలిగిపోతడో గుర్తు తెచ్చుకోండి, ఆఖరుకు తనకు ఈ శక్తి ఉందని తనే పోయి కురోసావాకు చెప్పుకుంటడు. మీకైతే ఏ శక్తీ లేదు, టిఫిన్ బాక్సు చూసి కథ అల్లుకున్నరు.

దీన్ని చిన్నగ తీసుకోవద్దని ఒకటి చెప్త. 2015ల టోక్యో దిక్కు ఒక యూనివర్సిటీల లా చదివే పిల్లగాడు తన మగ క్లాస్‌మేట్‌కు నువ్వంటే ప్రేమ అని చెప్పుకున్నడు. ఆ క్లాస్‌మేట్ దాన్ని దోస్తుల లైన్ గ్రూపుల పెట్టిండు, లైన్ అంటే అక్కడోళ్ళ వాట్సాప్ అనుకోండి. కొన్ని నెలలకే ఆ పిల్లగాడు పాణం తీసుకున్నడు. కోర్టుకు పోయింది కేసు, దేశమంత మాట్లాడుకున్నరు. టోక్యోలనే కునిటాచి అనే టౌన్ 2018ల, ఎవరి సంగతి వాళ్ళు చెప్పకుండ ఇంకొకరు బయటపెట్టొద్దని రూల్ తెచ్చింది. 2020ల పెద్ద కంపెనీలకు వచ్చిన వేధింపుల నియమాలల కూడ, ఒక ఉద్యోగి ఎవరిని ప్రేమిస్తడన్నది ఆయన ఒప్పుకోకుండ పక్కోళ్ళకు చెప్పుడు వేధింపే అని రాసిన్రు. మన సుప్రీంకోర్టు 2017ల ప్రైవసీ ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు, మనిషి ఎవరిని ఇష్టపడతడన్నది కూడ దాంట్లకే వస్తదని చెప్పింది.

జపాన్ ఫ్యాన్లు ఈ విషయంల మస్తు గట్టిగ ఉంటరు. బతికున్న నటుల మీదనో పాటగాళ్ళ మీదనో కథలు రాసుకునేటోళ్ళు వాటికి తాళం వేసి, పేర్లు మార్చి, ఆ మనుషుల కంట పడకుండ దాచుకుంటరు. సెలబ్రిటీల విషయంలనే అంత జాగ్రత్త. మన పక్క సీట్ల కూసునే మామూలు ఉద్యోగుల సంగతిల ఇంకెంత జాగ్రత్తగ ఉండాలె. బొమ్మల కథలు ఎన్నన్న చదువుకోండి చెల్లె, మనుషులను మాత్రం వదిలేయిన్రి.

ఊరు రాయొద్దన్న ఒక తమ్మి: అక్కా, నేను గే. బ్యాంకుల పని. ఈ కథలు చదివితే ఊపిరి ఆడినట్టయితది, మళ్ళ కోపం కూడ వస్తది, ఆడవాళ్ళు వాళ్ళ కోసం రాసుకున్నయి కదా, ఇందుల నేనెక్కడున్న? కథల ఆఫీసుల అందరు ఒప్పుకుంటరు, చప్పట్లు కొడ్తరు. నేను మా బ్రాంచ్‌ల ఒక్కరికి కూడ చెప్పలే. ఇంట్ల సంబంధాలు చూస్తున్నరు, దసరాకు ఒక అమ్మాయిని చూడనీకి పోదామంటున్నరు.

తమ్మి, నీ కోపానికి చానా ఏండ్ల చరిత్ర ఉన్నది. 1992ల జపాన్‌ల ఒక గే ఆయన ఒక చిన్న స్త్రీవాద పత్రికల ఇదే అడిగిండు, మా బతుకులతోని మీకేం సంబంధం లేకుండ మమ్మల్ని బొమ్మలు చేసుకుని ఆడుకుంటున్నరని. ఆడవాళ్ళు జవాబు రాసిన్రు, కొందరు గింజుకున్నరు, కొందరు ఆలోచించిన్రు, ఏండ్ల తరబడి నడిచింది ఆ వాదన. దాని తర్వాత కథలల నాకు ఒక మార్పు కనిపిస్తది, కంపెనీల చెప్పాలా వద్దా, అమ్మానాయనలకు ఎట్ల చెప్పాలె, ఆస్పత్రిల సంతకం ఎవరు పెట్టాలె అన్న మాటలు ఇప్పుడు ఎక్కువ వస్తున్నయి. నువ్వు 'వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్‌డే' చదువు. ఫుమి యోషినాగా 2007ల మొదలుపెట్టింది, బీఎల్ పత్రికల కాదు, మగవాళ్ళు చదివే వీక్లీల. షిరో లాయర్, ఆఫీసుల ఎవ్వరికీ చెప్పడు, పొద్దు గూకంగనే సంచి పట్టుకుని చౌకగ కూరగాయలు యాడ దొరుకుతయో చూసి ఇంటికి పోయి వండుతడు. కెంజి హెయిర్ సెలూన్ల పనిచేస్తడు, వానికి దాపరికం లేదు, దాంతోని ఇద్దరికీ కిరికిరి. నువ్వు అందుల ఉన్నవు.

ఆ దేశంల కూడ చప్పట్లు కథలల్నే తమ్మి. 2015ల టోక్యోల షిబుయా, సెతగాయా వార్డులు ఇద్దరు మగవాళ్ళ, ఇద్దరు ఆడవాళ్ళ జంటలకు సర్టిఫికెట్లు ఇచ్చుడు మొదలుపెట్టినయి, 2021ల సప్పోరో కోర్టు పెండ్లి కాదనుడు రాజ్యాంగానికి విరుద్ధమన్నది, అయినా చట్టం మారలే. మన దగ్గర 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి నువ్వు నేరస్థునివి కాదు. పెండ్లి హక్కు మాత్రం 2023 అక్టోబర్ల కోర్టు ఇయ్యలేదు.

ఇగ దసరా ముచ్చట. పోవద్దు. నేను గట్టిగనే చెప్తున్న. చూసి వస్తే ఏమైతది అనుకుంటవు, చూసినంక వాళ్ళు మాట అడుగుతరు, మాట ఇచ్చినంక తేదీ అడుగుతరు, ఆ పిల్ల ఏం పాపం చేసింది చెప్పు, ఆమె బతుకంత నాల ఏం తక్కువున్నదని అనుకుంట బతకాల్నా? ఇంట్ల కారణం మొత్తం చెప్పాలని లేదు, ఇప్పుడు పెండ్లి చేసుకోను, ఎవ్వరినీ చూడను అన్న ఒక్క మాట మీద నిలబడు. జీతం నీది, అది నీకు పెద్ద బలం. ఎప్పుడు చెప్పాలె, ఎవరికి ముందు చెప్పాలె అన్నది నీ ఇష్టం, అక్కనో మేనమామనో ఎవరన్న ఒకరు నీ దిక్కు నిలబడేటోళ్ళు ఉంటే అక్కడ మొదలుపెట్టు. ఎవరన్న డాక్టర్ దగ్గరకు తీసుకుపోయి బాగు చేపిస్తమంటే ఒప్పుకోకు, అట్ల మారుస్తమని వైద్యం చేసుడు తప్పు ప్రవర్తన కిందికి వస్తదని 2022లనే జాతీయ మెడికల్ కమిషన్ చెప్పింది. రాత్రిపూట మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అది, పైసలు ఖర్చు కావు, తెలుగుల మాట్లాడుతరు. బ్రాంచ్‌ల ఎవ్వరికీ చెప్పకుంటె నువ్వు పిరికోనివి కాదు. మళ్ళ ఉత్తరం రాయి, అచ్చు వెయ్యకుండనే జవాబు ఇస్త.

నర్సంపేట నుంచి ఒక తల్లి: మా బిడ్డ బీటెక్ మూడో సంవత్సరం, హాస్టల్ల ఉంటది. సెలవులకు వస్తే ఫోన్ల ఇద్దరు మగపిల్లల ప్రేమ బొమ్మలు చూసిన. పిల్ల చెడిపోతదా?

చెడిపోదక్కా. మీరు నేను ఆ వయసుల వీక్లీలల సీరియల్స్ దాచుకుని చదివినట్టే ఇది కూడ. ఇరవై ఏండ్ల పిల్ల, ఏం చదవాలె అన్నది తనే చూసుకుంటది. కొన్ని పుస్తకాలు పెద్దవాళ్ళకే అని ముద్ర వేసి ఉంటయి, కొన్నిట్ల చెయ్యి పట్టుకునుడు తప్ప ఏమీ ఉండదు. ఫోన్ గుంజుకోకండి. కథ ఏందో చెప్పమనండి, అన్నం తినుకుంట వినండి. పిల్లలు ఇష్టమైన కథ చెప్పేటప్పుడు వాళ్ళ గురించి కూడ చానా చెప్తరు.

మంచిర్యాల నుంచి: ఆఫీసు బీఎల్ ఇప్పటిదాక ఒక్కటి చదవలే. ఏది ముందు? దొంగ సైట్లల కాకుండ ఎట్ల?

చెర్రీ మ్యాజిక్‌తోని మొదలుపెట్టు, స్క్వేర్ ఎనిక్స్ అనే కంపెనీ ఇంగ్లీష్‌ల వేసింది, భాష అల్కగనే ఉంటది. అది నచ్చితే కప్‌కేక్. సెకాయిచి హత్సుకోయి సబ్‌లైమ్ వాళ్ళు వేసిన్రు, చానా భాగాలున్నయి, పైన కరీంనగర్ ఉత్తరంల చెప్పింది మనసుల పెట్టుకుని చదువు. కొత్త పుస్తకం ధర ఎక్కువనిపిస్తే ఈ-బుక్‌గ తీసుకో, లేకుంటె నలుగురు దోస్తులు కలిసి ఒకటి కొనుక్కోండి. దొంగ సైట్ల చదివితే గీసిన ఆమెకు ఒక్క రూపాయి పోదు, వీళ్ళల చానామంది డెడ్‌లైన్ల కింద నిద్ర లేకుండ గీసేటోళ్ళు.